గుట్ట అవతల

రామగిరి సంతలో శెనక్కాయలు పొట్లం కట్టే
మస్తానమ్మ దగ్గర దొరికింది నాకా పుస్తకం.
గని మూతబడినాక ఆఫీసర్ల క్లబ్బు లైబ్రరీని
కిలోల లెక్కన అమ్మేసినారంట.
అట్ట లేదు. ఎవరు రాసినారో తెలీదు.
చివర ఇరవై పేజీలు అప్పటికే
ఊరి చేతుల్లోకి పోయినాయి, ఉప్పూ కారంతో సహా.

స్పెయిన్ దేశం నుంచి
బంగారం కోసం ఓడెక్కిన పిల్లోడి కథ.
వాడికి పద్నాలుగు, నాకూ పద్నాలుగు.
వాడు ఓడ అంచున వంగి కక్కుకుంటే
సముద్రమే చూడని నాకు కడుపులో తిప్పింది.
వాడి ఇనప టోపీ ఎండకు కాలితే
మిద్దె మీద కూచుని నేను నెత్తి తడుముకున్నా.
దారిలో చచ్చిన గుర్రాల్ని కోసుకు తిన్నారు వాళ్ళు.
ఆ రాత్రి నాకు సంగటి ముద్ద దిగలేదు.

మా తాత గంగులప్ప
ఇరవై ఆరేళ్ళు లోపల పనిచేసినోడు.
మా ఇంట్లో గనిని గని అనరు, లోపల అంటారు,
జైలును అన్నట్టు, గర్భగుడిని అన్నట్టు.
ఆయన దగ్గు మా ఇంట్లో ఇంకో మనిషి.
అది పడుకుంటేనే మేం పడుకునేది.
నేను గట్టిగా చదువుతుంటే
గోడకానుకుని కళ్ళు మూసుకుని వినేవాడు.
కథలో ఎవరన్నా తవ్వడం మొదలుపెడితే మటుకు
ఒక కన్ను తెరిచి
"పైకప్పుకు కొయ్యలు నిలబెట్టినారా?" అనేవాడు.
పుస్తకంలో ఆ సంగతి లేదు.
"అయితే రాసినోడు దిగలేదులే" అని
మళ్ళీ ఆ కన్ను మూసేవాడు.

చిరిగిన చోటికొచ్చి ఆగినా.
"దొరికింటాదా తాతా, బంగారం?"
చాలాసేపు దగ్గి, చెంబు కింద పెట్టి,
"దొరికింటే పుస్తకం ఇంత లావుండదు పాపా."

కథలో వాళ్ళు ప్రతి ఊర్లోనూ ఒకటే అడుగుతారు,
కత్తి మొన ముందుకు పెట్టి: ఎక్కడ?
ప్రతి ఊరూ ఒకటే చెబుతుంది, చెయ్యి చాపి:
అదో, ఆ కొండ అవతల.
అప్పుడు నాకు కోపమొచ్చింది.
అబద్ధమెందుకు చెప్తారు,
పాపం పిల్లోడు, కాళ్ళు పుండ్లు పడినాయే.

పదకొండేళ్ళకు, మొన్న,
అనంతపురం నుంచి తెల్ల జీపు వచ్చింది.
బూడిద దిబ్బల మీద డ్రోను ఎగరేసినారు.
సైనైడు తాగి గడ్డి మొలవని దిబ్బలవి,
మేకలు కూడా చుట్టు తిరిగి పోతాయి.
ఒకాయన, మంచోడే, బూట్లు విప్పి వసారాలో కూచుని
మజ్జిగ తాగి, గ్లాసు కడిగే ఇచ్చి,
మా హనుమక్క అవ్వను అడిగినాడు:
"పాతకాలపు గుంతలు ఎక్కడెక్కడున్నాయో
నీకు తెలుసంట కదవ్వా?"

అవ్వ కొంగుతో మూతి తుడుచుకుంది.
గోడ మీద తాత ఫొటో వైపు చూడలేదు.
మా చేని వైపు అసలే చూడలేదు.
చెయ్యి చాపింది.
"అదో, ఆ గుట్ట అవతల నాయనా."

గుట్ట అవతల ఉండేది ఇంకో గుట్ట.

రాత్రి ట్రంకుపెట్టె తీసి ఆ పుస్తకం వెతికినా.
నూటపన్నెండో పేజీ.
పిల్లోడు దప్పికతో పడిపోతే
అక్కడి పిల్ల ఒకతె సొరబుర్రతో నీళ్ళిచ్చింది.
ఒక్క వాక్యం, అంతే.
వాడు తాగి లేచి నడిచినాడు, కథ వాడెంట పోయింది.
పద్నాలుగేళ్ళప్పుడు నేనూ వాడెంటే పోయినా,
తిరిగి చూడకుండా.

ఈసారి ఆ పిల్ల దగ్గర ఆగినా.
ఖాళీ బుర్ర పట్టుకుని ఇంటికి పోయింటాది.
ఎన్ని మైళ్ళు మోసిన నీళ్ళో అవి.
వాళ్ళమ్మ తిట్టింటాది.
పేరు పెడదామని పెన్సిలు తీసినా.
వాళ్ళ భాషలో పేర్లెట్లుంటాయో నాకేం తెలుసు.
మా పేరు పెడితే అదీ దొంగతనమే.
పక్కన చిన్న గీత గీసి వదిలేసినా,
ఫారాల్లో సంతకానికి వదిలేస్తారే, అట్లా.

బోరు మోటారు కరెంటొచ్చింది.
రేపు పొద్దున మళ్ళీ వస్తామన్నారు జీపోళ్ళు.
బిందె తీసుకుని లేచినా,
నీళ్ళు పట్టి పెట్టాల.